సర్వే చేసుకు రమ్మంటే 31 మంది ఒకటే లెక్క తెచ్చారు

తుంగభద్ర_టీచర్
కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక జెడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్తాను. సాంఖ్యక శాస్త్రం పాఠాన్ని ఏటా బోర్డు మీదే లాగించేస్తున్నాం, ఈసారి పిల్లల చేతే చేయిద్దామనుకున్నా. ఎఫ్‌ఏ (బడిలోనే వేసే అంతర్గత మార్కుల) ప్రాజెక్టు కింద ఇచ్చాను. మీ వీధిలో 30 ఇళ్ళు తిరగండి, రోజుకి టీవీ ఎన్ని గంటలు నడుస్తుందో అడగండి, గణన చిహ్నాలు వేసి పౌనఃపున్య పట్టిక (ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో) రాయండి, సగటు, మధ్యగతం (వరుసలో పెడితే మధ్యలో వచ్చే విలువ), బాహుళకం (ఎక్కువసార్లు వచ్చిన విలువ) కట్టుకు రండి అని. పది రోజులు గడువు.

క్లాసులో 39 మంది. 36 నోట్సులు వచ్చాయి. అందులో 31 ఒకటే. ఒకటే అంటే దగ్గరదగ్గరగా ఉన్నాయని కాదు, అచ్చు గుద్దినట్టు ఒకటే. పైన '30 ఇళ్ళు' అని శీర్షిక, కింద పౌనఃపున్యాల మొత్తం 29. ఆ కూడిక తప్పు కూడా 31 పుస్తకాల్లోనూ ఉంది! నాలుగు నిలువు గీతల మీద ఐదోది అడ్డంగా వేస్తాం కదా, అది అందరం వాల్చే వైపు కాకుండా ఎదురు వైపు వాలింది. అదీ 31 చోట్లా అలాగే.

రాత్రి దిద్దుతూ కూర్చుంటే నవ్వాలో ఏడవాలో తెలీలేదు. అందరికీ సున్నా వేసేద్దామని ఉంది. మీలో ఎవరైనా ఇలాంటి సర్వే పని చేయించారా? నిజం డేటా రావాలంటే ఏం చేయాలి?

సగటు_మనిషి
బాహుళకం కనుక్కోవడం మాత్రం సులువైంది కదా సార్. ఒకే నోట్సు 31 సార్లు.

పాలమూరు_లెక్క
రెండేళ్ళ కింద మా బడిలో ఇదే కథ. ఇంటికి పంపిన ఏ ప్రాజెక్టయినా అంతే. ఒకరు చేస్తారు, మిగతావాళ్ళు అట్ట మీద పేరు మారుస్తారు. సున్నాలు మాత్రం వేయకండి సార్. రేపు వాళ్ళ నాన్నలు వస్తే హెచ్చెమ్ పిలిచేది మిమ్మల్నే.

మూడో_బెంచీ
నేను డిగ్రీ రెండో సంవత్సరం. పదో తరగతిలో ఇలాంటి ప్రాజెక్టే నేనూ 'చేశాను'. అసలు నోట్సు ఎవరి దగ్గరుంటే వాళ్ళకి సమోసా ఇప్పించాలి, అదీ రేటు. గ్రాఫు కూడా ఉంటే కూల్‌డ్రింక్ అదనం.

నిజం చెప్పాలంటే మొదట వెళ్ళాను సార్. మూడో ఇంట్లో ఒకాయన "మా టీవీ సంగతి నీకెందుకురా, కేబుల్ వాళ్ళు పంపారా?" అన్నాడు. ఇంక నాలుగో ఇంటికి ఎవరు పోతారు?

ఇద్దరు_పిల్లల_తల్లి
ఎవరూ అనట్లేదు కాబట్టి నేనే అంటున్నా. తొమ్మిదో తరగతి ఆడపిల్లని 30 గుమ్మాలు ఎక్కి దిగమంటే ఏ తల్లి పంపుతుంది? కాపీ కొట్టారంటే కొట్టరా మరి.

తుంగభద్ర_టీచర్
పగటిపూట, జంటగా వెళ్ళమనే చెప్పానండీ. అయినా మీరన్నది కాదనలేను. అంతదూరం ఆలోచించలేదు.

డేటా_దాసు
సార్, 31 నోట్సుల్లో ఒకటి అసలుది అయ్యుండాలి కదా. ఎవరిదో కనుక్కున్నారా? ఆ 29 ఎలా వచ్చిందో అడిగారా?

తుంగభద్ర_టీచర్
అడగడానికేముంది, కూడిక తప్పు. 'నాది కాదు సార్' అని అందరూ అంటున్నారు. కాపీ కొట్టడంలో ఉన్న ఐకమత్యం సర్వేలో ఉంటే బాగుండేది.

సుద్దముక్క
పిల్లల్ని బయటికి పంపకండి సార్. డేటా క్లాసులోనే పుట్టించండి. ఆరేళ్ళుగా నేను చేయిస్తున్నది చెప్తాను.

పిల్లల్ని జంటలుగా కూర్చోబెట్టండి. జంటలో ఒకరు బెంచీ మీద తల వాల్చి కళ్ళు మూసుకోవాలి. రెండోవాళ్ళు గోడ గడియారంలో సెకన్ల ముల్లు చూస్తుండాలి. ముల్లు 12 దగ్గరికి రాగానే నేను "మొదలు" అంటాను. కళ్ళు మూసుకున్నవాళ్ళు నిమిషం అయిందని తోచగానే చెయ్యెత్తాలి. ఎన్నో సెకనులో ఎత్తారో జంటవాళ్ళు చీటీ మీద రాయాలి. చెయ్యెత్తినవాళ్ళు కళ్ళు తెరవచ్చు గానీ నోరు తెరవకూడదు. తర్వాత ఇద్దరూ తారుమారు. మొత్తం పావుగంట పని.

పక్కవాడిది చూసి రాయడం కుదరదు, కళ్ళు మూసి ఉన్నాయి కాబట్టి. తప్పు జవాబు అనేదే లేదు. ఫస్టు ర్యాంకు పిల్లకి 34 వస్తుంది, చివరి బెంచీవాడికి 59 వస్తుంది. ఆ రోజు వాడి మొహం చూడాలి మీరు!

ఇక చీటీలు పట్టుకుని గ్రౌండ్‌లోకి. మట్టి నేల మీద సుద్ద నిలవదు, ముగ్గుపిండితో పొడుగ్గా ఒక గీత లాగి రెండేసి అడుగులకి 20, 30, 40 అని గుర్తులు పెడతాను. ఎవరి గడిలో వాళ్ళు ఒకరి వెనక ఒకరు నిలబడాలి. మెట్లెక్కి పైనుంచి చూస్తే పిల్లలే సోపాన చిత్రం (హిస్టోగ్రామ్).

ఒక ఏడాది సరిగ్గా 50 వచ్చినవాడు గీత మీద నిలబడి "నేనెటు పోవాలి మేడమ్?" అన్నాడు. 40-50 గడివాళ్ళు చెయ్యి పట్టుకుని ఇటు లాగుతున్నారు, 50-60 వాళ్ళు అటు. ఎగువ హద్దు ఆ తరగతిలోకి, అంటే ఆ గడిలోకి, రాదని పుస్తకంలో ఎన్నిసార్లు చదివించినా బుర్రకెక్కదు. వాడు 50-60 లోకి గెంతాక ఆ బ్యాచిలో ఒక్కరూ మర్చిపోలేదు.

పాలమూరు_లెక్క
మేడమ్, ఈ నిమిషం ఆట మేమూ ఆడించినం. ఒక చిక్కుంది. మొదటి పిల్ల చెయ్యెత్తింది, గాజులు గలగలమన్నయి. మూడు సెకన్లలో ఆ బెంచీ మొత్తం లేచింది. కళ్ళు మూస్తే సరిపోదు, చెవులు కూడా మూయాలి.

సుద్దముక్క
గాజులు పైకి జరుపుకోమంటాను, లేదా చెయ్యెత్తే బదులు వేలు ఎత్తమంటాను. మీ బెంచీ సంగతి మాత్రం పారేయకండి. ఆ బెంచీ చీటీలు విడిగా పెట్టి మిగతావాటితో పోల్చమనండి. ఒకరి జవాబు పక్కవాళ్ళ మీద పడితే ఎనిమిది చీటీలున్నా నిజానికి ఉన్నది ఒకటే అని వాళ్ళకే తెలుస్తుంది.

సగటు_మనిషి
అంటే తుంగభద్ర సార్ దగ్గరున్న 31 నోట్సులూ ఒక్కటే నోట్సు. మళ్ళీ అక్కడికే వచ్చాం.

రిటైర్డ్_హెచ్చెమ్
నేను 34 ఏళ్ళు లెక్కలు చెప్పి దిగాను. మధ్యగతం సూత్రాన్ని ముందు బోర్డు మీద రాసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ముందు పిల్లల్ని వరుసలో నిలబెట్టండి. చిన్న విలువ ఈ కొస, పెద్ద విలువ ఆ కొస. చప్పట్టు కొట్టగానే రెండు కొసల నుంచి ఒక్కొక్కరు కూర్చోవాలి. మళ్ళీ చప్పట్టు, మళ్ళీ ఇద్దరు. ఆఖరికి నిలబడి మిగిలినవాడు మధ్యగతం. ఇద్దరు మిగిలితే వాళ్ళ మధ్య. సూత్రం ఆ తర్వాత రాయండి, ఎవరూ 'ఎందుకు సార్' అనరు.

మా రోజుల్లో ఎత్తు ప్రకారం నిలబెట్టేవాణ్ణి. మధ్యలో మిగిలిన కుర్రాడికి 'మధ్యగతం' అనే పేరు స్థిరపడిపోయింది. పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి వచ్చినప్పుడు కూడా పక్కనున్న స్నేహితులు వాణ్ణి అదే పేరుతో పిలిచారు.

ఇద్దరు_పిల్లల_తల్లి
మీకు నవ్వులాటే గానీ, ఎత్తూ బరువూ పెట్టుకోకండి దయచేసి. మధ్యలో నిలబడ్డవాడికి ముద్దు పేరు వస్తే చివర నిలబడ్డవాడికి ఏం పేరొస్తుందో చెప్పక్కర్లేదు.

మా చిన్నదాని బడిలో నిరుడు సర్వే అని ఒక కాగితం ఇచ్చారు. నాన్న పని, నెల ఆదాయం, ఇల్లు సొంతమా అద్దెనా. పైన పేరు. తర్వాత ఆ కాగితాలే ఒక్కొక్కటి పైకి చదువుతూ బోర్డు మీద గీతలు వేశారట. మా పాప పక్కన కూర్చునే పిల్ల 'నాన్న దుబాయ్‌లో' అని రాసింది. వాళ్ళ నాన్న పోయి ఏడాదిన్నర. క్లాసులో సగం మందికి ఆ సంగతి తెలుసు.

సుద్దముక్క
ఇది చదివాక కాసేపు ఏమీ రాయాలనిపించలేదు. పేర్లు రాయించకూడదు, ఇంటి సంగతులు అడగకూడదు. నేను పెట్టుకున్న గీటురాయి ఒకటే. ఆ ప్రశ్నకి జవాబు నేను నా స్టాఫ్‌రూమ్‌లో పైకి చెప్పగలనా? నా జీతం, నా బరువు చెప్పను. కళ్ళు మూసుకుంటే 47 సెకన్లకే నాకు నిమిషం అయిపోతుందని చెప్తాను.

పాలమూరు_లెక్క
అట్లని ఇబ్బంది పెట్టే ప్రశ్న అసలు అడగొద్దని కాదు. అడగడానికి ఒక దారుంది. నేను పోయినేడు పదో తరగతిలో చేసిన.

ప్రశ్న: "మొన్నటి స్లిప్ టెస్టులో చూసి రాశావా?" ప్రతి ఒక్కరి దగ్గరా ఒక రూపాయి బిళ్ళ. బెంచీ కింద ఎగరేయాలి, ఎవరికీ చూపొద్దు. బొమ్మ పడితే నిజంతో పని లేదు, 'అవును' అని రాయాలి. బొరుసు పడితే నిజం రాయాలి. చీటీ మడిచి డబ్బాలో వేయాలి.

40 మందిలో 29 'అవును'లు వచ్చినయి. సుమారు 20 మందికి బొమ్మ పడుంటది, వాళ్ళవి ఉత్త అవునులు. మిగిలిన 20 మంది నిజం రాసినవాళ్ళు, అందులో అవును అన్నది 9. అంటే క్లాసులో 45 శాతం చూసి రాసినట్టు. ఎవరో మాత్రం నాకు తెలవదు, తెలుసుకునే దారి కూడా లేదు. ఒకడు లేచి "సార్, నా చీటీలో అవును ఉంది, కానీ నాది బొమ్మ" అన్నడు. అందరూ ఒక్కసారే "మాది కూడా బొమ్మే సార్!"

మూడో_బెంచీ
ఇది ఎవరు కనిపెట్టారు సార్? అద్భుతం అసలు. మాకు సంభావ్యత చెప్పినప్పుడు నాణెం ఎగరేస్తే బొమ్మ పడే సంభావ్యత సగం అని రాసి వదిలేశారు. దానితో ఇంత పనుందని ఇవాళే తెలిసింది.

డేటా_దాసు
స్టాన్లీ వార్నర్ అనే ఆయన 1965లో మొదలుపెట్టిన ఆలోచన. ఆయన పద్ధతి కొంచెం వేరు, పాలమూరు సార్ చేసింది దాని తర్వాత వచ్చిన సులువైన రూపం. మేము కంపెనీలో వాడకందార్ల డేటా మీద కావాలని కాస్త తప్పు కలిపి అసలు జవాబుని దాచే పద్ధతులు వాడతాం, వాటి తాతయ్య ఇదే.

కానీ సార్, ఆ 45 శాతాన్ని మరీ నమ్మకండి. 40 బిళ్ళలు ఎగరేస్తే సరిగ్గా 20 బొమ్మలు పడవు, మూడు అటూ ఇటూ పోవడం మామూలే. 17 బొమ్మలే పడి ఉంటే నిజం రాసినవాళ్ళు 23, అందులో అవునులు 12, అంటే 52 శాతం. 23 పడి ఉంటే 17 మందిలో 6, అంటే 35. క్లాసంత చిన్న గుంపుకి ఈ పద్ధతిలో వచ్చే సంఖ్య బాగా ఊగుతుంది.

పాలమూరు_లెక్క
ఊగనీయండి. నాకు కావాల్సింది ఆ ఊగుడే. ఇంకోసారి ఎగరేయించిన, 26 వచ్చినయి. అదే పిల్లలు, అదే టెస్టు, జవాబు మారింది. ఎందుకు మారిందని గంట కొట్లాడుకున్నరు.

డేటా_దాసు
అలా అయితే ఓకే సార్, వెనక్కి తీసుకుంటున్నా.

ఇంకొకటి. చాలామంది టీచర్లు 'మీ ఇంట్లో ఎంతమంది పిల్లలు' అని అడిగి ఊరి సగటు కట్టిస్తారు. అందులో ఒక మాయ ఉంది. నాలుగిళ్ళు అనుకోండి. పిల్లలు ఒకరు, ఒకరు, ఇద్దరు, నలుగురు. ఇంటికి సగటు 2. ఇప్పుడు ఇళ్ళని కాకుండా ఆ ఎనిమిది మంది పిల్లల్ని అడగండి. 1, 1, 2, 2, 4, 4, 4, 4 అంటారు. మొత్తం 22, సగటు 2.75. నలుగురున్న ఇల్లు నాలుగుసార్లు లెక్కలోకి వచ్చేసింది. పిల్లల్లేని ఇల్లయితే బడికే రాదు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ కాపీ కొట్టలేదు, అయినా లెక్క తప్పింది.

రిటైర్డ్_హెచ్చెమ్
34 ఏళ్ళలో కనీసం ఇరవైసార్లు ఈ ప్రశ్న అడిగాను. ఇప్పుడు చెప్తున్నావా నాయనా.

సగటు_మనిషి
మాస్టారూ, ఆ 20 బ్యాచిల్ని వెనక్కి పిలిపించండి. మధ్యగతం గారు కూడా వస్తారు.

పొలంగట్టు
నేను వ్యవసాయ శాఖలో ఉన్నాను, లెక్కల టీచర్ని కాదు. కానీ దత్తాంశం (డేటా) తప్పే చోట్లు మా దగ్గర బాగా కనిపిస్తాయి. వరికి పంట కోత ప్రయోగం చేస్తాం. పొలంలో ఎక్కడ అనేది యాదృచ్ఛిక సంఖ్యలతో తేల్చి, 5 మీటర్లు × 5 మీటర్లు కొలిచి, తాడు కట్టి, లోపలి పంట కోసి తూస్తాం. తాడు మీద పడ్డ మొక్క దగ్గరే గొడవంతా. అది లోపలా, బయటా? చెయ్యి తెలీకుండానే లోపలికి లాగుతుంది. ప్లాటు ఎంత చిన్నదైతే చుట్టూ ఉన్న అంచు వాటా అంత పెద్దది, దిగుబడి అంత ఎక్కువ చూపిస్తుంది. బెంగాల్లో జనపనార లెక్కలు వేసేటప్పుడే గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ దీన్ని పట్టుకున్నాడని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు.

ఆ 50 సెకన్ల కుర్రాడు గీత మీద నిలబడ్డాడని చదవగానే నాకు తాడు మీద మొక్క గుర్తొచ్చింది.

రిటైర్డ్_హెచ్చెమ్
మహలనోబిస్ పేరొచ్చింది కాబట్టి మన సి.ఆర్.రావు గారిని కూడా చెప్పండయ్యా. 1920లో పుట్టి, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎం.ఏ. చేసి, కలకత్తాలో మహలనోబిస్ పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళారు. ఒక అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే, ప్రపంచమంతా చదివే క్రామర్-రావు అసమానత ఆయన 25 ఏళ్ళ వయసులో అచ్చయింది. 2023లో, 102 ఏళ్ళ వయసులో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. ఆ ఆగస్టులోనే పోయారు. ఈ పాఠం మొదలుపెట్టే రోజున ఆయన గురించి రెండు నిమిషాలు చెప్తే పిల్లలకి ఇది ఎవరిదో సబ్జెక్టు అనిపించదు.

తుంగభద్ర_టీచర్
మేడమ్, చేశాను! నిన్న మూడు, నాలుగు పీరియడ్లు కలిపి తీసుకున్నా. ముగ్గుపిండి వంటావిడ ఇచ్చింది. వచ్చింది 36 మంది. మా లెక్క ఇదీ:

20-30 సెకన్లు: 2
30-40: 5
40-50: 11
50-60: 9
60-70: 6
70-80: 2
80-90: ఎవరూ లేరు
90-100: 1

సగటు 51.4, మధ్యగతం సరిగ్గా 50, బాహుళకం 47.5. ఎప్పుడూ క్లాసు అయ్యేలోపు నాలుగుసార్లు నీళ్ళకి వెళ్ళే బ్యాచి, నిన్న బెల్లు కొట్టినా గీత మీంచి కదల్లేదు. 80-90 గడి ఖాళీగా ఉంటే 90-100 లో ఒక్కడే నిలబడ్డాడు. "వాణ్ణి ఇటు జరపండి సార్, ఒంటరిగా ఉన్నాడు" అని మిగతావాళ్ళు.

మూడో_బెంచీ
ఆ 90 దాటినోడు ఎవరు సార్? యోగా చేస్తాడా?

తుంగభద్ర_టీచర్
నిద్రపోయాడు.

సగటు_మనిషి
నా తరఫున వాడికో సమోసా.

గణన_చిహ్నం
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నా, ఇప్పుడు ఆగలేను. బాహుళకం సుమారుగా 3 × మధ్యగతం − 2 × సగటు అని పుస్తకంలో ఉంది కదా, అది వేసి చూశాను. 150 − 102.8 = 47.2. మీ బాహుళకం 47.5. పుస్తకంలో సూత్రం ఇంత చక్కగా కుదరడం నేను ఏ క్లాసులోనూ చూడలేదు. సార్, ఇది పిల్లలు తెచ్చిన లెక్కా, మీరు ఇంట్లో వండిందా?

తుంగభద్ర_టీచర్
కాపీ కేసు వేసిన నా మీదే కాపీ కేసా? చీటీలు నా బీరువాలో ఉన్నాయండీ, పిల్లల చేతిరాతతో సహా. కుదరడం నాకూ ఆశ్చర్యమే. ఇంకో సెక్షన్‌లో చేస్తే కుదరకపోవచ్చు.

రిటైర్డ్_హెచ్చెమ్
అది అనుభవం మీద వచ్చిన సంబంధం, రుజువున్న సిద్ధాంతం కాదు. కాస్త పక్కకి ఒరిగిన, ఒకటే శిఖరం ఉన్న డేటాకి సుమారుగా పనిచేస్తుంది. కుదిరితే సంతోషం, కుదరకపోతే తప్పు పిల్లలది కాదు.

సుద్దముక్క
నిద్రపోయినవాణ్ణి ఏం చేశారు సార్? ఉంచారా, తీసేశారా?

తుంగభద్ర_టీచర్
అక్కడే పెద్ద గొడవ. క్లాసంతా తీసేయాలంది, వాడొక్కడే వద్దన్నాడు. తీసేసి మళ్ళీ కట్టించాను. సగటు 51.4 నుంచి 50.1కి పడింది. మధ్యగతం 50 నుంచి 49.5 దగ్గరికి, అంటే కదిలీ కదలనట్టు. "నేను పోతే సగటుకే బాధ సార్, మధ్యగతానికి పట్టదు" అన్నాడు వాడు. ఏడాది మొత్తంలో వాడి నోటి నుంచి వచ్చిన మొదటి లెక్కల మాట అది.

గణన_చిహ్నం
తీసేయడమే సరి. వాడు నిమిషాన్ని అంచనా వేయలేదు, పడుకున్నాడు.

సుద్దముక్క
వాడు లేచి 'నిద్రపోయా' అని ఒప్పుకున్నాడు కాబట్టి తీసేస్తాం అంటున్నారు. 20-30 లో ఉన్న ఇద్దరు విసుగొచ్చి చెయ్యెత్తేశారేమో, వాళ్ళని అడిగామా? ఒక కొసనే కడిగితే ఎలా? నేనైతే ఉంచి, పక్కన నక్షత్రం గుర్తు పెట్టి 'నిద్రపోయాడు' అని రాయిస్తాను. రెండు సగటులూ చూపిస్తాను.

డేటా_దాసు
నేనూ మేడమ్ వైపే. సార్, బీరువా తీసినప్పుడు ఒక పని చేయండి. 36 చీటీల్లో ఎన్ని 0తో గానీ 5తో గానీ ముగిశాయో లెక్కపెట్టండి.

తుంగభద్ర_టీచర్
17. ఏం?

డేటా_దాసు
మామూలుగా అయితే ఏడెనిమిది ఉండాలి. పది అంకెల్లో రెండే కదా అవి. మీ గోడ గడియారంలో ఐదేసి సెకన్లకి పెద్ద గీతలుంటాయి, చూసేవాళ్ళ కన్ను దగ్గర్లో ఉన్న పెద్ద గీత మీద వాలింది. కళ్ళు మూసుకున్నవాళ్ళు నిజాయితీగానే ఉన్నారు, తెరుచుకున్నవాళ్ళే గుండ్రం చేశారు. మన జనాభా లెక్కల్లో వయసులు కూడా ఇంతే. 30, 35, 40 దగ్గర గుట్టలు గుట్టలు, 31, 39 దగ్గర బోసి.

పొలంగట్టు
మా నాయనమ్మని ఎప్పుడడిగినా అరవయ్యే. పదేళ్ళు అరవైలోనే ఉంది.

మూడో_బెంచీ
😂 మా తాత కూడా. పింఛను ఆఫీసుకి వెళ్ళినప్పుడు మాత్రం ఒక్కసారే పెరిగింది.

తుంగభద్ర_టీచర్
ఇవాళ ఇంకో సంగతి జరిగింది, అందుకే మళ్ళీ వచ్చాను. దాసు గారు మొదట్లోనే అడిగారు, నేను కొట్టిపారేశాను.

నిన్నటి చీటీల్లో ఒకదాని వెనక పెన్సిల్‌తో వేసిన గణన చిహ్నాలున్నాయి. ఐదో గీత అదే ఎదురు వైపు వాలింది. చూస్తే రెండో బెంచీలో కూర్చునే పిల్లది, ఎడమచేతి వాటం. మధ్యాహ్నం భోజనాల తర్వాత పిలిచి "టీవీ లెక్క నీదేనా అమ్మా?" అన్నాను. ముందు భయపడింది. తర్వాత సంచీలోంచి చిన్న పుస్తకం తీసింది. వీధిలో 30 ఇళ్ళూ వరుసగా గడులు గీసి ఉన్నాయి. తమ్ముణ్ణి వెంటేసుకుని మూడు సాయంత్రాలు తిరిగిందట. 29 గడుల్లో గంటలున్నాయి. 30వ గడి ఖాళీ.

"ఇదేంటమ్మా?" అంటే, "తాళం వేసుంది సార్. వాళ్ళు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోయినారు. ఉగాదికి గానీ రారు" అంది.

39 మందిలో 36 నోట్సులే వచ్చాయని రాశాను చూడండి, ప్రాజెక్టు ఇవ్వనివాళ్ళు ముగ్గురు. అందులో ఒకడిది ఆ ఇల్లే.

డేటా_దాసు
కూడిక తప్పు కాదన్నమాట.

తుంగభద్ర_టీచర్
కాదు. నా శీర్షిక తప్పు. '30 ఇళ్ళు' అని పైన రాయమన్నది నేనే. మిగతా 30 మంది ఆ పిల్ల కష్టంతో పాటు ఆ తాళాన్ని కూడా దించుకున్నారు.

సుద్దముక్క
ఆ పిల్లకి మార్కులు వేశారా?

తుంగభద్ర_టీచర్
ప్రాజెక్టుకి ఎన్నుంటే అన్నీ వేశాను మేడమ్. మిగతావాళ్ళవి నిమిషం ఆట మీద మళ్ళీ రాయిస్తున్నా.

గణన_చిహ్నం
30 కావాలంటే పక్కిల్లు ఒకటి కలుపుకుని ఉంటే సరిపోయేది కదా.

పొలంగట్టు
అదే చేయకూడదండీ. మేము కూడా నంబరు పడ్డ పొలం రైతు దొరకలేదని పక్క పొలానికి పోతే ఒప్పుకోరు, కారణం రాయాలి. ఊళ్ళో ఉన్నవాళ్ళ టీవీ లెక్కా, వలస పోయినవాళ్ళ టీవీ లెక్కా ఒకటి ఎలా అవుతుంది?

తుంగభద్ర_టీచర్
ఆ పిల్ల కూడా ఇంచుమించు ఇదే అడిగింది. "సార్, టీవీ నడవట్లేదు కదా, సున్నా వేయొచ్చా?" అని. వేయకూడదన్నాను. "మరి ఏం వేయాలి?" అంది. కాసేపు ఆలోచించి, పట్టిక కింద ఇంకో వరుస గీసి 'తాళం: 1' అని రాయమన్నాను. సాయంత్రం చూస్తే నా హాజరు పట్టీ లోపల కూడా ఎవరో పెన్సిల్‌తో చిన్నగా ఆ ముగ్గురి పేర్ల పక్కన 'తాళం' అని రాసి ఉంచారు. చెరపలేదు.